ఇరవైనాలుగు ఎర్రచుక్కలు

(తొమ్మిదో భాగం)

పోయిన వారం మనం బీరువా దగ్గర ఆగాం. తాళం తాళంలాగే ఉంది, తలుపు తలుపులాగే ఉంది, లోపల పై అరలో ఉండాల్సిన బిస్కెట్ డబ్బా మాత్రం లేదు. అందులో కండావు దీవి బడివాళ్ళ పన్నెండు లాప్‌టాప్‌ల ర్యామ్ ముక్కలున్నాయి. ఒక్కో యంత్రానికి రెండు చొప్పున ఇరవైనాలుగు. "డబ్బా ఏది నాన్నా?" అని సెరువాయా అడిగితే, తండ్రి ఎపరామా వణుకుతున్న రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని, "మీ బావ వైసాలే వచ్చి పట్టుకెళ్ళాడమ్మా," అన్నాడు. బయట వాన పడుతోందని చెప్పినంత తేలిగ్గా అన్నాడు. ఈ వారమంతా మీరు వైసాలేను ఏమేమి తిట్టుకున్నారో నేను ఊహించగలను. సెరువాయా అంతకు రెట్టింపు తిట్టుకుంది.

అది మంగళవారం సంగతి. ఇవాళ గురువారం. బావ ఫోనెత్తడు, డబ్బా రాదు, సువా పట్టణంలో వాన ఆగదు. కండావు ఓడ రేపు పొద్దున ఎనిమిదింటికి బయల్దేరుతుంది. అది తప్పితే మళ్ళీ ఓడ పదిహేను రోజులకు. ఈలోగానే బడిలో పై తరగతి పిల్లలు ఏడాది పొడుగునా చేసిన పనిని పూర్తిచేసి పంపించాలి. పంపకపోతే వాళ్ళ ఏడాది గంగపాలు.

మార్కెట్ వెనక మేడమీద, మెట్లెక్కగానే ఎడమవైపు మొదటిది, కంప్యూటర్లు బాగుచేసే ఆ తండ్రీకూతుళ్ళ కొట్టు. కమినియెలి మాస్టారు ఏడున్నరకే వచ్చి బల్లమీద కూర్చున్నారు. బడి కప్పు కారి తడిసిన లాప్‌టాప్‌లను చాపల్లో చుట్టి దీవినుంచి మోసుకొచ్చిన మనిషి ఆయనే. వారంరోజులుగా ఎవరో బంధువుల వరండాలో పడుకుంటున్నారు. ఇవాళ కొత్త తాడు చుట్ట ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏమ్మా సెరూ, పెట్టెలు కట్టేద్దామా?"

"మధ్యాహ్నం కట్టేద్దాం మాస్టారూ. చిన్న పని మిగిలింది."

"చిన్నదేగా, చేసుకోమ్మా. నేను కూర్చుంటాను." ఆయన తాడు కొస విప్పి మళ్ళీ చుట్టారు. "పిల్లలు రేవుకే వస్తారట. రేవునుంచి బడిదాకా వాళ్ళే మోస్తారట. ఎవరు దేన్ని మొయ్యాలో అప్పుడే కొట్టుకుంటున్నారు వెధవలు."

చిన్న పని! సెరువాయా బల్లకింద కాలు ఆడిస్తూనే ఉంది. పోయిన ఏడాది ఈ పాటికి వేలెడు పొడుగు ర్యామ్ ముక్క ముప్ఫై డాలర్లు. ఇప్పుడు నూట డెబ్బై. అదీ ఉంటేగా! నిన్న సువాలో ఏడు దుకాణాలు తిరిగింది. ఆరింట్లో లేదన్నారు. ఏడోదాంట్లో పిల్ల నవ్వి, "అక్కా, నీ దగ్గరుంటే మేమే కొంటాం," అంది.

చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చిందట అని మనవాళ్ళు వెక్కిరింతగా అంటారు. ఈ ఏడాది సువాలో అది వెక్కిరింత కాదు, వ్యాపారం. ఇదివరకు చచ్చిన కంప్యూటర్ తెస్తే, "అమ్మా, దీన్ని బతికించు," అనేవాళ్ళు. ఇప్పుడు బతికున్నదాన్ని తెచ్చి, "అమ్మా, దీని లోపలి ర్యామ్ ఎంతకు పోతుంది?" అంటున్నారు. రేవు దగ్గరి గెస్ట్‌హౌస్‌లో ఎవడో పైదేశంవాడు తక్కెడ పెట్టుకు కూర్చున్నాడు, తూకం వేసి కొంటున్నాడట. బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్ళు యంత్రం వదిలి వెళ్ళడం మానేశారు. ఎదురుగా కూర్చుని, రెప్ప వెయ్యకుండా, తిరగలి ముందు కూర్చున్న కోడిలా చూస్తుంటారు. కొందరు గోళ్ళరంగు సీసా వెంట తెచ్చుకుని తమ ముక్కమీద గుర్తు పెట్టుకుంటున్నారు. సెరువాయాకు రోషం వచ్చి, ఎవరూ అడక్కముందే తనే ప్రతి ముక్కమీదా ఎర్రటి చుక్క పెట్టడం మొదలుపెట్టింది. కండావు ముక్కలు ఇరవైనాలుగింటిమీదా ఆ చుక్క ఉంది.

చుక్కలన్నీ శ్రద్ధగా పెట్టిన మనిషి, యంత్రానికో పొట్లంగా కట్టి, చీటీ రాసి, వాటిని తీసుకెళ్ళి నాన్న బిస్కెట్ డబ్బాలో పెట్టింది. తప్పంతా అక్కడుంది. ఆ డబ్బా మూత బిగువు, గాలి దూరదు. అడుగున గుప్పెడు బియ్యం పోస్తే తేమ లాగేస్తుంది. అంతవరకే ఆలోచించింది. ముప్ఫై ఏళ్ళుగా ఎపరామా పాత ముక్కలన్నీ ఆ డబ్బాలో పడేసేవాడు, చుట్టాలు వచ్చి అడిగి పట్టుకుపోయేవాళ్ళు. మేనల్లుడైతే అడగనుకూడా అక్కర్లేదు. అక్కడివాళ్ళ ఆచారంలో మేనమామ ఇంట్లో మేనల్లుడి చెయ్యి పడిన వస్తువు మేనల్లుడిదే. ఎనిమిదేళ్ళ వయసులో వైసాలే ఈ ఇంటి కోడిపుంజును చంకలో పెట్టుకుపోయాడు. పదిహేనో ఏట రేడియో పట్టుకుపోయాడు. రెండుసార్లూ ఎపరామా గుమ్మంలో నిలబడి, మా అక్క కొడుకని ఊరంతా వినేలా మురిసిపోయాడు. నాన్న డబ్బాలో పెట్టింది నాన్నదవుతుంది, నాన్నది బావదవుతుంది. నాండిలో ఏడేళ్ళు హోటల్ కంప్యూటర్ల మధ్య కూర్చుని వచ్చిన సెరువాయా ఈ మాట మర్చిపోయింది.

ఆమె నాండి ఉద్యోగం వదులుకుని వచ్చిందీ తండ్రి చేతుల కోసమే. పోయిన ఏడాది ఆయనకు వణుకుడు మొదలైంది. "స్క్రూ పట్టుకోలేకపోతున్నానమ్మా," అని ఫోన్లో ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం ఆమె అంతకుముందు వినలేదు. మర్నాడే రాజీనామా ఇచ్చింది. అప్పటినుంచీ ఆయన గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తాడు, ఆమె పనిబల్ల దగ్గర కూర్చుంటుంది. ర్యామ్ ముక్కల అంచున మెరిసే బంగారు పళ్ళు తుడవడానికి ఆమె పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరు కొనుక్కుంది. ఆయన సొరుగులో నీలం రబ్బర్లున్నాయి. బడిపంతులమ్మగా చేసి పోయిన ఆమె తల్లి మిగిల్చిపోయినవి. ఆ నీలం రబ్బర్లు వేరేవాళ్ళు ముట్టుకుంటే ఆయన ఊరుకోడు. సొరుగు తాళంచెవి ఆయన మెడలోనే ఉంటుంది.

"నాన్నా," అంది మాస్టారికి వినపడకుండా, "బావ నా ఫోనెత్తట్లేదు. నువ్వొక్కసారి చేసి అడుగు. ఒక్కమాట."

"మేనల్లుణ్ణి అడగడమా!" కప్పు సాసర్లో టకటకలాడింది, గొంతు మాత్రం గుమ్మం దాటలేదు. "మీ మేనత్త సమాధిలోంచి లేచి కూర్చుంటుంది. తీసుకున్నది తిరిగివ్వమని మేనల్లుణ్ణి అడిగిన మగవాడు మా ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు."

"అయితే ఆడది పుట్టిందిలే," అని సెరువాయా గొడుగు అందుకుంది.

"ఎక్కడికమ్మా?" అన్నారు మాస్టారు.

"చిన్న సామాను తేవాలి మాస్టారూ. నౌసోరిదాకా వెళ్ళొస్తా."

"వెళ్ళిరా, వెళ్ళిరా. నేనూ ఓడ ఆఫీసుకెళ్ళి సామాన్లకు చోటు రాయించి వస్తా." ఆయన లేచి ఎపరామా వైపు తిరిగి చేతులు జోడించారు. "అదృష్టవంతులండీ మీరు. బంగారం లాంటి పిల్ల."

ఎపరామా తల వంచుకుని టీ తాగాడు.

నౌసోరి బస్సు కిటికీలకు అద్దాల్లేవు, టార్పాలిన్ పరదాలే. పైకి చుడితే వాన, కిందికి దించితే ఉక్క. సెరువాయా దించింది, చుట్టింది, మళ్ళీ దించింది. పక్కసీటు ముసలమ్మ చేమదుంపల సంచీ కాళ్ళమధ్య పెట్టుకుని, "అమ్మాయ్, ఏదో ఒకటి చెయ్యి, వానైనా రానీ, ఉక్కైనా పొయ్యనీ," అని విసుక్కుంది. దారంతా సెరువాయా అనాల్సిన మాటలు పేర్చుకుంది. మొదట నెమ్మదిగా అడగాలి. తర్వాత పిల్లల సంగతి చెప్పాలి. అప్పటికీ వినకపోతేనే గొంతు పెంచాలి. వంతెన దాటేసరికి ఆ వరసంతా తారుమారైపోయి, చివరిమాట ముందుకొచ్చి కూర్చుంది.

వైసాలే కొట్టు నౌసోరి మార్కెట్లో ఓ మూల, పీతలమ్మే లావుపాటావిడ పక్కన. కొట్టంటే ఒక బల్ల, పైన రేకు. నలభై దాటినా అతని నవ్వు మాత్రం ఆ కోడిపుంజునాటిదే.

"ఓహో! సువా దొరసాని!" అని రెండు చేతులూ చాచాడు. "ఏం మరదలా, వానకు కొట్టుకొచ్చావా, బావమీద బెంగపెట్టుకొచ్చావా?"

"బెంగే బావా. నా డబ్బామీద బెంగ."

నవ్వు సగంలో ఆగింది. "కూర్చో. కొబ్బరినీళ్ళు కొట్టిస్తా."

"డబ్బా."

"కూర్చోవే ముందు, తడిసి ముద్దయ్యావు—"

"కూర్చోడానికి రాలేదు! మూడ్రోజుల్నించి ఫోను చేస్తుంటే ఎత్తవేం? పిల్లల నోటిదగ్గర కూడు అది, తెలుసా నీకు? ఎంతకు అమ్మావు? ఆ తక్కెడవాడికేనా? కోడిపుంజులూ రేడియోలూ అయిపోయాయి, ఇప్పుడు బడిపిల్లలమీద పడ్డావా? నువ్వు మేనల్లుడివి కావు బావా. దొంగవి!"

చేమదుంపలు బేరమాడుతున్నవాళ్ళు ఆపేశారు. పీతలావిడ చేతిలో కత్తి ఆగింది. అక్కడ బావామరదళ్ళ మధ్య ఎంత మాటైనా చెల్లుతుంది. పొట్టను అనొచ్చు, బట్టతలను అనొచ్చు, పెళ్ళాన్నీ మొగుణ్ణీ కలిపి అనొచ్చు, అన్నీ నవ్వులోకే పోతాయి. దొంగ అన్నమాట ఒక్కటి పోదు. అది నలుగురిలో అంటే గాల్లో అలాగే వేలాడుతుంది.

వైసాలే మొహం నల్లబడింది. బల్లవైపు చెయ్యి చూపించాడు.

"అయిందా? ఇప్పుడొక్కసారి నా కొట్టు చూడు సెరూ."

అప్పుడు చూసిందామె. బల్లమీద ఆరు లాప్‌టాప్‌లు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అన్నింటి ముందూ అట్టముక్క: 'గుల్లలు మాత్రమే. ర్యామ్ మీరే తెచ్చుకోవాలి.' అట్టమీద అక్షరాలు వానకు కారిపోయాయి. బల్లమీద దుమ్ము వారం రోజులది.

"నెలైంది ఒక్కటి అమ్ముడుపోయి," అన్నాడు. "ర్యామ్ ఉన్నవాడు యంత్రం అమ్మడు. యంత్రం కొనేవాడికి ర్యామ్ దొరకదు. మధ్యలో నేను. మీ డబ్బాలో ఉన్నది ఇందులో పెట్టి ఉంటే మూడ్రోజుల్లో కొట్టు ఖాళీ అయిపోయేది. నేనూ మనిషినే, అనుకోలేదనను. శనివారం డబ్బా తెచ్చుకున్నప్పుడు ఎగిరి గంతేశాను. ఇంటికెళ్ళి మూత తీశాను. అందులో నీ చీటీలున్నాయి."

సెరువాయా ఒక అడుగు వెనక్కి వేసింది.

"'కండావు బడి ఒకటి', 'కండావు బడి రెండు', గుండ్రటి అక్షరాలతో, అచ్చం మీ అమ్మలాగే రాస్తావు. మామయ్యవైతే నావి. బడిపిల్లలవి నావెలా అవుతాయే?"

"మరి... మరి తెచ్చివ్వొచ్చుగా!"

"తెచ్చాను." అతను గొంతు తగ్గించాడు. తగ్గించినా మార్కెట్టంతా వింటూనే ఉంది. "సోమవారం పొద్దున్నే తెచ్చాను. నువ్వు కొట్లో ఉన్నావు. క్షమాపణకని యంగోనా మొక్క వేళ్ళు ఓ కట్ట పట్టుకుని ఇంటికెళ్ళి, మామయ్య ముందు చాపమీద కూర్చుని, తప్పు నాదేనని చెప్పి డబ్బా ఆయన ముందు పెట్టాను. వేళ్ళు తీసుకున్నారు. డబ్బావైపు చూడనుకూడా లేదు. మేనల్లుడు తీసుకెళ్ళింది తిరిగి తేవడమంటే నా మొహాన ఉమ్మేసినట్టేరా అన్నారు."

"అలా అన్నాడా?"

"నేనేం చెయ్యను చెప్పు! తిరిగి పట్టుకుపోతే దొంగనవుతాను. అక్కడే వదిలేస్తే ఆయన పరువు పోతుంది. మింగలేక కక్కలేక ఆ డబ్బా పట్టుకుని మీ గుమ్మంలో అరగంట నిలబడ్డాను. చివరికి ఆయనే అన్నారు, కొట్టుకింద ఫుల్‌మతి రొట్టెల బల్ల ఉందిగా, అక్కడ పెట్టు, అది మా ఇల్లూ కాదు మీ ఇల్లూ కాదు అని. నీకు తనే చెబుతానన్నారు. నువ్వడిగితే మాత్రం ఏం చెప్పొద్దన్నారు. నీ ఫోనెత్తితే అబద్ధమాడాలి, అందుకని ఎత్తలేదు."

"ఫుల్‌మతి పిన్ని దగ్గరా? మా మెట్లకిందా?"

"మెట్లకిందే. రోజూ నువ్వు రొట్టె తినే బల్లకిందే."

పీతలావిడ ఇక ఆపుకోలేక, "ఓలమ్మో, ఆరునెల్లు సాముచేసి మూలనున్న ముసలమ్మని కొట్టింది చూడు!" అని పకపకా నవ్వింది. నవ్వాక కత్తి పక్కన పెట్టి మొహం గంభీరం చేసుకుంది. "అది సరేగానీ అమ్మాయ్, దొంగ అని అందరి ముందూ అన్నావు. ఆ మాట వెనక్కి తీసుకోవడమూ అందరి ముందే తీసుకోవాలి. గొడుగు ముడిచి జారుకుందామనుకుంటున్నావేమో, నేనూరుకోను."

జారుకుందామనే అనుకుంది సెరువాయా. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కానీ ఆ ఆరు గుల్లల్ని చూసింది, కారిపోయిన ఆ అట్టముక్కను చూసింది. గొడుగు కింద పెట్టి, పీతల నీళ్ళతో తడిసిన గచ్చుమీద మఠం వేసుకుని కూర్చుంది. అక్కడివాళ్ళు తప్పు ఒప్పుకునే తీరులో, చేతులు డొప్పలు చేసి మూడుసార్లు బరువుగా చప్పట్లు కొట్టింది.

"బావా, నలుగురిలో దొంగ అన్నాను. అదే నలుగురిలో ఆ మాట మింగుతున్నాను. నన్ను క్షమించు."

వైసాలే కూడా అలాగే మూడు చప్పట్లు కొట్టాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఎవరూ చూడకూడదని కాబోలు, "లేవే మరదలా, లే," అన్నాడు గట్టిగా. "బట్టలన్నీ కంపుకొడతాయి. కొత్తవి కొనిపెట్టమంటావేమో, కొట్టు చూశావుగా, గుల్ల!"

మార్కెట్టంతా గొల్లుమంది. మాట గాల్లోంచి కిందికి దిగింది.

తిరుగు బస్సులో సెరువాయా పరదా జోలికి పోలేదు. వాన మీద పడుతున్నా పట్టించుకోలేదు. నాన్న పరువు కోసమే డబ్బా ముట్టుకోలేదంటే సరే. మేనల్లుడి చేతినుంచి ఆయన తీసుకోకూడదు, ఒప్పుకుందాం. తనకేం అడ్డం? కూతురు కిందికి దిగి బల్లకింద చెయ్యిపెట్టి తెచ్చుకుంటే ఏ ఆచారం చెడుతుంది? మంగళవారం నుంచి గురువారందాకా ఆమె ఊరంతా తిరుగుతుంటే, మాస్టారు తాళ్ళు చుట్టుకుంటూ కూర్చుంటే, ఆ పెద్దమనిషి టీ తాగుతూ కూర్చున్నాడు. ఒక్కమాట, కింద ఉందమ్మా అన్న ఒక్కమాట నోట్లోంచి రాలేదేం? ముసలితనమేమో, మర్చిపోయాడేమో అని సర్దిచెప్పుకుంది. మేనత్త సమాధి దాకా గుర్తున్న మనిషికి బల్లకింది డబ్బా గుర్తులేకపోవడమేమిటని మళ్ళీ తనే కొట్టిపారేసింది. మూడు స్టాపులముందే లేచి నిలబడింది. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "నిలబడితే బస్సు తొందరగా పోదమ్మా," అన్నాడు.

ఫుల్‌మతి పెనంమీద రొట్టె తిరగేస్తోంది.

"పిన్నీ, డబ్బా ఇవ్వు."

"ఏ డబ్బా?" అంది ముందు. సెరువాయా మొహం చూశాక మాట మార్చింది. "అదా! నీకు చెప్పొద్దన్నారమ్మా మీ నాన్న. మీ ఇంటి తగువులు నాకెందుకు, పెట్టమన్నారు, పెట్టాను. పిండి కూడా దులపలేదు." వంగి, పిండిసంచీ వెనకనుంచి డబ్బా లాగి బల్లమీద పెట్టింది.

అదే డబ్బా. మూతమీద రంగు వెలిసిన ఓడ బొమ్మ, పక్కన సొట్ట. సెరువాయా గోటితో మూత ఎత్తింది. బియ్యంలో గుచ్చినట్టు పన్నెండు పొట్లాలు, తన చీటీలే, తన అక్షరాలే. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. పన్నెండు. ఫుల్‌మతి స్టూలు లాక్కుని కూర్చుంది.

"అమ్మయ్య," అంది పైకే. "ఉన్నాయి పిన్నీ. అన్నీ ఉన్నాయి. ఇవాళ రెండు రొట్టెలు పెట్టు, పప్పు దండిగా పొయ్యి."

ఒంటిగంటన్నర. రెండు గంటల్లో పన్నెండింట్లోనూ పెట్టేయొచ్చు. సాయంత్రం ఒక్కోటీ వెలిగించి చూసుకుని, మాస్టారి తాళ్ళతో కట్టేస్తే పొద్దున్నే రేవుకు. ఫుల్‌మతి పప్పు వేడిచేసేలోగా ఊరికే, కళ్ళారా చూసుకుందామని, మొదటి పొట్లం విప్పింది.

ఎర్రచుక్క లేదు.

తిప్పి చూసింది. రెండోవైపూ లేదు. వెలుతురుకు పట్టి చూసింది. కింది అంచులో ఉండాల్సిన గాడి ఉండాల్సిన చోట లేదు, పక్కకు జరిగి ఉంది. ఇది పదేళ్ళ కిందటి రకం, బడివాళ్ళ యంత్రంలో సుత్తిపెట్టి కొట్టినా దిగదు. రెండో పొట్లం విప్పింది. మూడోది. నాలుగోది. చీటీలన్నీ తనవి, లోపలి సరుకంతా చెత్త. పన్నెండో పొట్లందాకా విప్పింది, అదీ అంతే.

మళ్ళీ వైసాలే మొహమే కళ్ళముందు మెదిలింది, దాచడమెందుకు! ఆ చప్పట్లు, ఆ కన్నీళ్ళు, అంతా నాటకమా అనుకుంది. తడిగచ్చుమీద కూర్చోబెట్టి మరీ తనచేత మాట మింగించాడా అనుకుంది. లేచి మళ్ళీ నౌసోరి బస్సు ఎక్కేదే. డబ్బా పక్కకు నెట్టబోతే బియ్యం ఒకవైపుకు జారింది. తెల్లటి గింజల మధ్య ఏదో నలక. చీమలనుకుంది. వేలికొసతో అద్దుకుని చూసింది.

రబ్బరు పొట్టు. సన్నగా, వంకీలు తిరిగి, వేలిమీద నీలంగా అంటుకుంది.

ఆ నీలం ఆమెకు బడికెళ్ళే రోజులనుంచీ తెలుసు. అది ఈ ఊళ్ళో ఒక్క సొరుగులోనే ఉంది. దాని తాళంచెవి ఒక్క మెడలోనే ఉంది. పాత ముక్కలు కూడా మాసి ఉండకూడదని, అలవాటుకొద్దీ, పళ్ళు తుడిచి మరీ పొట్లాలు కట్టాడు. దొంగపని కూడా శుభ్రంగా చేసే మనిషిని ఆమె ఒక్కణ్ణే ఎరుగును.

"ఏమైందమ్మా? రొట్టె చల్లారిపోతోంది," అంది ఫుల్‌మతి.

సెరువాయా డబ్బా చంకలో పెట్టుకుని మెట్లవైపు నడిచింది. వణికే చేతులతో ఎలా? టీ కప్పు ఒక్క చేత్తో ఎత్తలేని మనిషి ఇరవైనాలుగు ముక్కలు తుడిచి పొట్లాలెలా కట్టాడు? ఎవరైనా సాయం చేశారా? అడగాలి. మెత్తగా అడగాలి, నాన్న కదా, మెత్తగానే అడగాలి. ఇరవై రెండు మెట్లు. పదో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది.

కొట్టు తలుపు ఓరగా వేసి ఉంది. మాస్టారు ఓడ ఆఫీసునుంచి ఇంకా రాలేదు, ఆయన తాడు చుట్ట బల్లమీద అలాగే ఉంది. గుమ్మం పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఎపరామా ఆమె పనిబల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఒక లాప్‌టాప్ బోర్లా తెరిచి ఉంది. బడివాళ్ళది కాదు, ఆమె ఎన్నడూ చూసింది కాదు. ఆయన రెండు వేళ్ళమధ్య ర్యామ్ ముక్క ఉంది, దానిమీద ఎర్రచుక్క ఉంది. ముక్కను ఏటవాలుగా గాడిలో పెట్టి మెల్లగా అదిమాడు. టక్కుమని కూర్చుంది. పట్టకారుతో జీలకర్ర గింజంత స్క్రూ తీసి, కంతలో నిలబెట్టి, స్క్రూ డ్రైవర్‌తో మూడు చుట్లు తిప్పాడు. ఆ చెయ్యి రాయిలా ఉంది. చిన్నప్పుడు బల్లకింద కూర్చుని ఆమె నోరు తెరుచుకుని చూసిన చెయ్యే అది. ఆ చేతికోసమే ఆమె నాండిలో తన పేరు రాసి ఉన్న బల్లను వదిలి వచ్చింది.

డబ్బాలో బియ్యం కదిలి చిన్న చప్పుడైంది.

ఎపరామా తలెత్తాడు. కూతుర్ని చూశాడు. ఆమె చంకలోని డబ్బాను చూశాడు. స్క్రూ డ్రైవర్ బల్లమీద జాగ్రత్తగా పెట్టాడు. అప్పుడు ఆయన చెయ్యి, ముందు చిటికెనవేలు, తర్వాత మిగతా వేళ్ళు, ఒక్కొక్కటిగా వణకడం మొదలుపెట్టింది.